కత్తి మీద కమ్మరి సంతకం

స్టీలు సామాను కొంటే కొట్టువాడు చిన్న మిషనుతో గిన్నె మీద టకటకా పేరు కొట్టి ఇస్తాడు. పెళ్లికి వచ్చిన బిందె ఎవరిచ్చారో, ఏ తేదీన ఇచ్చారో ఇప్పటికీ చదువుకోవచ్చు. చేత్తో చేసిన కార్బన్ స్టీలు కత్తి దగ్గర ఆ పప్పులుడకవు. గిన్నె రేకు మెత్తన. కత్తిని ఎర్రగా కాల్చి నూనెలో ముంచాక ఉక్కు గట్టిపడిపోతుంది. అప్పుడు అచ్చు పెట్టి గుద్దితే ముద్ర పడదు సరికదా, కత్తే పగలొచ్చు. గుద్దేదేదో ముందే గుద్దాలి. అన్నీ అయ్యాక పేరు వేయాలంటే సుత్తి పక్కనపెట్టి కరెంటు పట్టుకోవాలి.

సరంజామా చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. కత్తికి గోళ్లరంగు పూసి, ఆరాక సూదితో పేరు గీయాలి. ఉప్పునీళ్లలో తడిపిన దూది, 9 వోల్టుల బ్యాటరీ ఉంటే చాలు. బ్యాటరీ ధన ధ్రువం కత్తికి, రుణ ధ్రువం దూదిని పట్టిన క్లిప్పుకి. క్లిప్పు కత్తికి తగలకుండా దూదితో అద్దుతుంటే, రంగు లేని చోట ఒక్కో ఇనుప పరమాణువు రెండేసి ఎలక్ట్రాన్లు వదిలి, అయానుగా మారి నీళ్లలోకి దిగిపోతుంది. దూది వైపు హైడ్రోజన్ బుడగలు లేస్తాయి. కాసేపటికి దూదికి పట్టే ఆ మురికి రంగు, కత్తిలోంచి కరిగొచ్చిన ఇనుమే.

ఎంత కరుగుతుందో లెక్క కట్టొచ్చు. 1 ఆంపియరు కరెంటు 1 నిమిషం పారి, అదంతా ఈ పనికే ఖర్చయితే, కరిగేది సుమారు 17 మిల్లీగ్రాములు. ముద్ర 1 చదరపు సెంటీమీటరుంటే లోతు 0.02 మిల్లీమీటర్లు. తలవెంట్రుక మందం కూడా కాదు!

ఈ లెక్క 1830లలో ఇంగ్లండు శాస్త్రవేత్త మైకేల్ ఫారడే ఇచ్చింది. ఆయన కమ్మరి కొడుకు. అంతకు ముందే, 1819లో, మన దేశపు వూట్జ్ ఉక్కును పరీక్షించి వ్యాసం రాశాడు. దాని గొప్పతనం అల్యూమినియం వల్లేమో అనుకుని పొరబడ్డాడు కూడా. అసలు సంగతి కార్బన్‌లో ఉంది. ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు మన నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రం దాకా వచ్చేవారు. ఆ ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తుల మీది అలలు తేలేదీ ఇలా ఉక్కును కాస్త కరిగించడంతోనే. ఆమ్లం తగిలితే చుట్టూ ఉన్న ఉక్కు కరిగి నల్లబడుతుంది, కార్బన్ నిండిన సిమెంటైట్ చారలు తెల్లగా మిగులుతాయి.

బ్యాటరీ నుంచి వచ్చే డీసీ తవ్వుతుంది, ఏసీ నల్లబరుస్తుంది. దిశ మారుతున్న కరెంటులో కరిగిన ఇనుము ఆక్సైడుగా మారి అక్కడే అతుక్కుంటుంది. అందుకే చాలామంది ముందు డీసీ, తర్వాత ఏసీ వాడతారు. ఏసీ అన్నానని గోడ ప్లగ్గులో వైరు పెట్టేరు, ప్రాణం పోతుంది. దానికి వోల్టేజి బాగా తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పరికరాలే వేరే ఉంటాయి.

ఉప్పునీళ్ల నుంచి కాస్త క్లోరిన్ కూడా రావచ్చు కాబట్టి కిటికీలు తెరవండి. స్టెయిన్‌లెస్ స్టీలు మీద మాత్రం ఇంట్లో ప్రయత్నించకండి, అందులోని క్రోమియం విషరూపంలో బయటికి రావచ్చు. పని కాగానే కత్తిని శుభ్రంగా కడిగి, పొడిగా తుడిచి, నూనె రాయాలి. గీతల్లో ఉప్పు మిగిలిందంటే తెల్లారేసరికి పేరు చుట్టూ తుప్పు.