మెటల్ డ్రమ్మర్ల పాదవిద్య

హెవీ మెటల్ అనే రాక్ సంగీత శాఖలో డ్రమ్మర్ల గొప్పతనాన్ని చేతుల వేగంతో కొలవడం చాలామందికి అలవాటు. నా దృష్టిలో మాత్రం వారి చరిత్ర ముఖ్యంగా పాదాల చరిత్ర. 1970లో బర్మింగ్‌హామ్‌కు చెందిన బ్లాక్ సబ్బత్ బృందపు తొలి ఆల్బమ్‌లో బిల్ వార్డ్ వాయిద్యం నిండా జాజ్ ఊపు వినిపిస్తుంది. పెడల్‌తో మోగించే పెద్ద డ్రమ్ములైన బాస్ డ్రమ్ములను రెండింటిని పెట్టుకుని రెండు కాళ్లతో వాయించే పద్ధతికి పేరు తెచ్చినవాడూ జాజ్ వాద్యకారుడు లూయీ బెల్సనే. 1979లో మోటర్‌హెడ్ పాట ‘ఓవర్‌కిల్’లో ఫిల్ టేలర్ వాటిని ఆగకుండా పరుగెత్తించిన తరువాత, అప్పటిదాకా అలంకారంగా ఉన్న ఆ విద్య పాటంతటినీ మోసే పనికి వచ్చింది. క్యూబాలో పుట్టిన డేవ్ లొంబార్డో 1986లో స్లేయర్ బృందంతో చేసిన ‘రెయిన్ ఇన్ బ్లడ్’ ఆల్బమ్ నిడివి అరగంటలోపే అయినా, తరువాతి తరం డ్రమ్మర్లకు అదే పాఠ్యపుస్తకమైంది.

ఇక్కడ కొంచెం లెక్క అవసరం. నిమిషానికి 200 బీట్ల వేగంలో బీటుకు నాలుగు దెబ్బలు వేస్తే సెకనుకు 13కు పైగా పడతాయి, అంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండేది 75 మిల్లీసెకన్లే. కదిలే దూరం మారకుండా వేగం రెట్టింపైతే కావలసిన బలం నాలుగు రెట్లవుతుంది కనుక, తొడ నుంచి కాలంతా ఎత్తి దించేవాడు త్వరగా అలసిపోతాడు. అందుకే వేగం పెరిగేకొద్దీ కదలిక చీలమండకు కుదించుకుపోతుంది. డ్రమ్మును కొట్టే సుత్తిలాంటి బీటర్‌ను వెనక్కి తెచ్చే పని చాలావరకు పెడల్ స్ప్రింగూ, బిగువైన డ్రమ్ము పొరా చేసిపెడతాయి.

కాలు అందుకున్నంత మాత్రాన చెవికి అందదు. బాస్ డ్రమ్ము 60 హెర్ట్జ్ దగ్గర మోగుతుందనుకుంటే, 75 మిల్లీసెకన్లలో అది నాలుగైదు కంపనాలైనా సరిగా పూర్తిచేయకముందే తరువాతి దెబ్బ పడి, అంతా ఒకే గుమ్మనే ముద్దగా కలిసిపోతుంది. డ్రమ్ములో దిండు పెట్టి మోత తగ్గించడం, గట్టి బీటర్‌తో ‘టక్’మనే మొదటి శబ్దాన్ని పైకి తేవడం ఇందుకే, పాంటెరా బృందపు విన్నీ పాల్ వాయిద్యంలో ఆ ‘టక్’ మరీ స్పష్టంగా ఉంటుంది. అది టైపు మిషన్‌లా ఉందని విసుక్కునేవారిది పూర్తిగా తప్పనలేను. డ్రమ్ముకు దెబ్బను పసిగట్టే ట్రిగ్గర్ బిగించి ముందే రికార్డు చేసిన ధ్వనిని పలికించడం మోసమన్న వాదన మాత్రం నాకు సగమే నచ్చుతుంది: ట్రిగ్గర్ బలహీనమైన దెబ్బకు బలమిస్తుంది గానీ తప్పిన కాలాన్ని సరిదిద్దదు, పైగా ఆ తప్పును మరింత బయటపెడుతుంది.

వేగానికి ఒక హద్దు కనబడ్డాక కొందరు లెక్క వైపు తిరిగారు. స్వీడన్‌కు చెందిన మెషుగా బృందంలో తోమస్ హాకె చేతులతో సింబల్ అనే లోహపు పళ్లెం మీద నాలుగు బీట్ల నడకను నిలుపుతూ, పాదాలతో గిటార్‌ను అనుసరించి బేసి సంఖ్యల చక్రాలు తిప్పుతాడు. 2008 నాటి ‘బ్లీడ్’ పాటలో మూల వేగం పెద్దది కాకపోయినా పాదాలకు ఊపిరాడదు. ఇలాంటిచోట మృదంగ విద్వాంసుడైతే ముక్తాయింపును ముందే లెక్కకట్టి సమానికి, అంటే తాళపు మొదటి దెబ్బకు, చేరుస్తాడు. మెషుగా మాత్రం చాలా పాటల్లో లెక్క మిగిలినా చక్రాన్ని అక్కడికక్కడే తెంచి, మళ్లీ మొదటి దెబ్బ నుంచి అందుకుంటుంది.