పాలపుంతను తిప్పుతున్నది బ్లాక్‌హోల్ కాదు

అపోహ: గ్రహాలు సూర్యుడి చుట్టూ తిరిగినట్టే గెలాక్సీ మొత్తం మధ్యలోని బ్లాక్‌హోల్ చుట్టూ తిరుగుతోంది, అది ఒక్కొక్కటిగా అన్నిటినీ మింగేస్తుంది.

ఎక్కడ ప్రసంగించినా ఈ ప్రశ్న తప్పదు. ఒకసారి ఒక పెద్దావిడ అందరూ వెళ్లేదాకా ఆగి, "మా మనవళ్ల కాలానికి ఏమీ కాదు కదండీ?" అని అడిగారు. పాపం, ఏదో వీడియో చూసి నిజంగానే టెన్షన్ పడుతున్నారు. అలాంటి వీడియోలు చేసేవాళ్లు ఒక్కసారైనా లెక్క వేసుకుంటే బాగుండు.

వాస్తవం: ఆ బ్లాక్‌హోల్ ద్రవ్యరాశి సుమారు 40 లక్షల సూర్యుళ్లంత. మన కక్ష్యకు లోపల ఉన్న నక్షత్రాలు, వాయువు, డార్క్ మ్యాటర్ (కంటికి కనిపించకుండా గురుత్వాకర్షణ ద్వారానే తెలిసే ద్రవ్యం) అన్నీ కలిపితే దాదాపు 10 వేల కోట్ల సూర్యుళ్లంత. సూర్యుణ్ణి కక్ష్యలో పట్టి ఉంచేది ఇదంతా. దానిలో బ్లాక్‌హోల్ వాటా 25 వేలలో ఒక వంతు. పైగా మనకు 26 వేల కాంతి సంవత్సరాల దూరం. అదే పెత్తనం చేస్తుంటే అంచుల్లో నక్షత్రాల వేగం బాగా తగ్గిపోవాలి. తగ్గడం లేదని 1970లలోనే ఖగోళ శాస్త్రవేత్త వేరా రూబిన్ కొలతలు చూపించాయి.

మరి ఈ భ్రమణం ఎక్కడిది? గెలాక్సీని చుట్టి ఉండే డార్క్ మ్యాటర్ గోళం, అంటే హాలో, రూపు దిద్దుకుంటున్నప్పుడు ఇరుగుపొరుగు ద్రవ్యం గురుత్వాకర్షణ వల్ల దానికి కొద్దిపాటి తిప్పుడు వచ్చింది. లోపలి వాయువు వేడిని కాంతిగా వదిలేసి చల్లబడి కుంగింది. వేడిని వదిలించుకోగలదు కానీ కోణీయ ద్రవ్యవేగాన్ని, అంటే తనలోని తిరుగుడును, అంత తేలిగ్గా వదిలించుకోలేదు. అందుకే అక్షం దిశలో అణిగిపోయి, అడ్డంగా మాత్రం విశాలంగా నిలిచింది. పళ్లెంలా కనిపించే ఆ భాగమే డిస్క్. డార్క్ మ్యాటర్ వేడిని వెలువరించలేదు కాబట్టి ఉబ్బుగానే ఉండిపోయింది. ఇందులో బ్లాక్‌హోల్ అవసరం ఎక్కడా రాలేదు, చూశారా? మనకు దగ్గర్లోని ఎం33 అనే గెలాక్సీ కేంద్రంలో భారీ బ్లాక్‌హోల్ ఆనవాలే దొరకలేదు. అయినా అది చక్కని స్పైరల్ (సుడి ఆకారపు) గెలాక్సీ.

మిగతావి గబగబా చెప్పేస్తాను. స్పైరల్ చేతులు ఎప్పుడూ అవే నక్షత్రాలతో ఉండే కట్టడాలు కావు. అలా అయితే కొన్ని భ్రమణాలకే చుట్టుకుపోయేవి. గెలాక్సీలను ఆకారాల వారీగా పేర్చి చూపే హబుల్ వర్గీకరణ చిత్రం వాటి వయసుల వరస కాదు.

పొరుగు గెలాక్సీ ఆండ్రోమెడా మన పాలపుంతను ఢీకొంటుందా? 400 కోట్ల ఏళ్లలో ఖాయమని 2012లో అన్నారు. 2025 నాటి లెక్కల ప్రకారం వచ్చే 1000 కోట్ల ఏళ్లలో పాలపుంతతో కలిసిపోయే అవకాశం సగం సగం. ఢీకొన్నా నక్షత్రాలు ఒకదాన్నొకటి గుద్దుకోవడం దాదాపు ఉండదు, వాటి మధ్య అంత ఖాళీ. డిస్క్ చెదిరిపోవచ్చు. వాయువు తగినంత మిగిలితే మళ్లీ కొత్త డిస్క్ ఏర్పడనూ వచ్చు.