రూపాయి బిళ్ళల లెక్కలో నల్లరేగడి

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా కిన్వట్ వైపు పత్తి వేసే ఒక పాఠకుడు అడిగారు: "మా బోరు నీళ్లకు సబ్బు నురగే రాదు. అంటే కాల్షియం, మెగ్నీషియం దండిగా ఉన్నట్టే కదా? మరి పత్తాకు ఎర్రబడితే మెగ్నీషియం సల్ఫేట్ కొట్టమంటారెందుకు?" దిష్టిబొమ్మ కట్టి ఊరుకోకుండా ఇంత దూరం ఆలోచించినందుకు ముందు శభాష్!

నాందేడ్ జిల్లా నల్లరేగడి దక్కన్ లావా రాయి చివికి పుట్టిన మట్టి. దాని బంకలో ఎక్కువ భాగం స్మెక్టైట్ అనే ఖనిజం. రెండు సిలికా రేకుల మధ్య ఒక అల్యూమినా రేకు, ఇదీ దాని పొర. మధ్య రేకులో మూడు ధనావేశాల అల్యూమినియం ఉండాల్సిన చోట అక్కడక్కడా రెండే ఉన్న మెగ్నీషియం దూరుతుంది. దాంతో పొరకు రుణావేశం మిగిలిపోతుంది. ఈ మెగ్నీషియం స్ఫటికంలో బందీ, వేరుకు అందదు. ఆ రుణావేశాన్ని తీర్చడానికి పొరల సందుల్లో చేరే కాల్షియం, మెగ్నీషియం, సోడియం సంగతి వేరు. మారేవి ఇవే.

ఈ మార్పిడి బరువు లెక్కన కాదు, చిల్లర లెక్కన జరుగుతుంది. కాల్షియం, మెగ్నీషియం రెండు రూపాయల బిళ్ళలు. సోడియం, పొటాషియం, అమ్మోనియం రూపాయి బిళ్ళలు. 24 గ్రాముల మెగ్నీషియం లోపలికొస్తే 40 గ్రాముల కాల్షియం బయటికి పోతుంది. బరువు వేరైనా విలువ ఒకటే మరి. సోడియమైతే 46 గ్రాములు పోవాలి. 1850లో ఇంగ్లండులో థామస్ వే అనే రసాయన శాస్త్రవేత్త మట్టి మీద అమ్మోనియా లవణం పోస్తే కిందినుంచి కాల్షియం లవణం కారింది. రూపాయి బిళ్ళలు రెండిచ్చి రెండు రూపాయల బిళ్ళ ఒకటి పుచ్చుకున్నాడన్నమాట! కిలో శుద్ధ స్మెక్టైట్ గల్లాపెట్టెలో సుమారు 20 గ్రాముల కాల్షియం పడుతుంది. సమీకరణాలు బట్టీ పట్టించే మాస్టార్లు పొలంలోని మట్టిపెడ్డను క్లాసులోకి ఎందుకు తేరో!

అయితే మట్టి ఈ రెండు బిళ్ళలనూ ఒకేలా చూడదు. నీటి చుట్టు లేని ఒట్టి అయాన్‌గా (ఆవేశమున్న పరమాణువుగా) మెగ్నీషియం వ్యాసార్ధం 0.72 ఆంగ్‌స్ట్రామ్‌లు, కాల్షియానిది 1.00. చిన్నది కాబట్టే మెగ్నీషియం నీటి అణువులను గట్టిగా చుట్టుకుంటుంది. ఆ చుట్టుతో కలిపితే అదే కాస్త లావు. అందుకే మట్టి మొగ్గు కాల్షియం వైపు. సున్నం నిండిన రేగడిలో వేరు తాగే నీళ్లలోనూ కాల్షియానిదే పైచేయి, పైగా పొటాష్ పోటీ. మెగ్నీషియం ఉన్నా మొక్కకు చాలకపోవచ్చు. లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి ఆకు మీదే కొడితే మట్టితో బేరమే లేదు. కాకపోతే నత్రజని తక్కువైనా, రాత్రి చలి ముదిరినా ఆకు ఎర్రబడుతుంది, చూసుకోవాలి.

నాగలికి తగిలే తెల్ల సున్నపు గడ్డ మీద నిమ్మరసం పిండండి, బుసబుస పొంగుతుంది. అది చలామణీలోంచి తప్పుకున్న కాల్షియం. అలా గడ్డకట్టేకొద్దీ సందుల్లో మెగ్నీషియం, సోడియం వాటా పెరుగుతుంది. సోడియం మరీ ఎక్కువైతే బంక నీళ్లలో విచ్చిపోయి, వాన నీరు లోపలికి దిగదు. విదర్భలోని పూర్ణా లోయలో ఈ తిప్పలున్నాయి. అలాంటి నేలకు జిప్సం వేస్తే అందులోని కాల్షియం సోడియాన్ని బయటికి నెడుతుంది. ఆ సోడియం కొట్టుకుపోయేందుకు మురుగు కాలువ కూడా తీయాలి, లేకపోతే జిప్సం డబ్బులు దండగే.