తక్‌పట్టీని స్ట్రింగ్‌లో కుక్కి పంపే అలవాటు ఎక్కడిది?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లోని అడ్తిదారుల (కమీషన్ ఏజెంట్ల) కోసం కొన్నాళ్లు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాశాను. రైతు పేరు, మిర్చి రకం, బస్తాలు, తూకం, ధర, హమాలీ, దడ్వాయి (తూకందారు) ఖర్చులు అన్నీ ఉన్న తక్‌పట్టీని, అంటే రైతుకిచ్చే అమ్మకం చీటీని, ఎక్స్‌ఎంఎల్‌గా (ప్రతి వివరాన్నీ దాని పేరున్న ట్యాగుల మధ్య రాసే పద్ధతి) చేసి ఇంకో కంపెనీ వెబ్ సర్వీసుకు, అంటే నెట్ ద్వారా వేరే ప్రోగ్రాంలు పిలిచే ప్రోగ్రాంకి, పంపాలి. ఆ సర్వీసుకు ఏం పంపాలో చెబుతూ వాళ్లిచ్చిన వివరణ ఫైలు, డబ్ల్యూఎస్‌డీఎల్, తెరిచి చూస్తే ఉన్నది ఒక్కటే పరామీటర్, దాని టైపు స్ట్రింగ్, అంటే వట్టి అక్షరాల వరుస. సందేశాన్ని చుట్టి పంపే కవరు లాంటి సోప్ కూడా ఎక్స్‌ఎంఎల్లే కదా, మరి అందులో ఇంకో ఎక్స్‌ఎంఎల్‌ని ఇలా మూట కట్టి పెట్టడం ఏంటి?

దీని వెనక పాత కథ ఉంది. వెబ్ ప్రమాణాలు పెట్టే సంస్థ డబ్ల్యూ3సీ ఎక్స్‌ఎంఎల్ 1.0ని 1998 ఫిబ్రవరిలో ఖరారు చేసింది. అదే ఏడాది అమెరికన్ ప్రోగ్రామర్ డేవ్ వైనర్ ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ తెచ్చాడు. ఎక్కడో ఉన్న కంప్యూటర్‌లోని ఫంక్షన్‌ని మన దగ్గరే ఉన్నట్టు పిలవాలి, అంతే దాని ఉద్దేశం. ఫంక్షన్‌కి ఇచ్చేవి అంకె, పేరు, తేదీ లాంటి చిన్న విలువలు. సోప్ కూడా అదే ఆలోచనలోంచి పుట్టింది, 2000 మేలో 1.1 వెర్షన్ డబ్ల్యూ3సీ నోట్‌గా వచ్చింది. దాని బాడీలో ఎలాంటి ఎక్స్‌ఎంఎల్ అయినా పెట్టొచ్చు. కానీ ఏ చోట ఎలాంటి విలువ ఉండాలో చెప్పే ఎక్స్‌ఎంఎల్ స్కీమా అప్పటికి పూర్తి కాలేదు, 2001 మేలో గానీ రాలేదు, అందుకని సోప్ తన స్పెసిఫికేషన్ ఐదో సెక్షన్‌లో విలువల్ని రాయడానికి సొంత ఎన్‌కోడింగ్ పద్ధతి పెట్టుకుంది. నా లెక్కలో గొడవకు మూలం ఇదే.

2001లో వచ్చిన డబ్ల్యూఎస్‌డీఎల్ 1.1 ఆర్‌పీసీ (ఫంక్షన్‌ని పిలిచినట్టు), డాక్యుమెంట్ (మొత్తం కాగితం పంపినట్టు) అని రెండు స్టైళ్లూ ఇచ్చింది, ఎన్‌కోడెడ్ (సోప్ సొంత ఎన్‌కోడింగ్‌తో), లిటరల్ (స్కీమా చెప్పినట్టే) అని రెండు పద్ధతులూ ఇచ్చింది. మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ డిఫాల్ట్‌గా డాక్యుమెంట్ లిటరల్ పట్టుకుంది. జావా వైపు మొదటి తరం సోప్ లైబ్రరీ అపాచీ యాక్సిస్ ఆర్‌పీసీ పట్టుకుంది. ఈ రెండింటినీ కలపాలంటే అప్పట్లో పెద్ద టెన్షన్. రెండు వైపులా తేడా లేకుండా అర్థమయ్యేది స్ట్రింగ్, కాబట్టి మొత్తం డాక్యుమెంట్‌ని దాంట్లో పెట్టేస్తే పని అయిపోతుందనుకున్నారు.

పని అవుతుంది, కానీ కష్టం తర్వాత మొదలవుతుంది. లోపలి ప్రతి లెస్‌దాన్ గుర్తూ (<) ఎస్కేప్ అయి, అంటే ట్యాగుగా కాక వట్టి అక్షరంగా చదవాలని < గా మారి, నాలుగు అక్షరాలవుతుంది, ఎవరైనా పొరపాటున రెండోసారి ఎస్కేప్ చేస్తే అవతల ఎక్స్‌ఎంఎల్ బదులు వట్టి అక్షరాలు దిగుతాయి. లోపలిది ఎస్కేప్ లేకుండా ఉన్నదున్నట్టు పెట్టే సీడేటాలో చుడదామంటే, లోపల ఇంకో సీడేటా ఉంటే దాని ముగింపు గుర్తు దగ్గరే బయటిదీ తెగిపోతుంది. మా ప్రోగ్రాం డాట్‌నెట్‌లో ఉండేది, దాంట్లో స్ట్రింగ్‌లోకి రాసిన ఎక్స్‌ఎంఎల్ మొదటి వరుసలో అక్షరాల కోడింగ్ యూటీఎఫ్-16 అని పడేది. ఆ కంపెనీవాళ్లు దాన్ని యూటీఎఫ్-8 అనే వేరే కోడింగ్‌లో సేవ్ చేసుకుని మళ్లీ పార్స్ చేసేవాళ్లు (చదివి విడగొట్టేవాళ్లు), రెండూ పొసగక పార్సర్ మొదటి వరుస దగ్గరే ఆగిపోయేది. పరకాల నుంచో ములుగు నుంచో తెల్లారకముందే బస్తాలు వేసుకొచ్చిన రైతు తక్‌పట్టీ కోసం సాయంత్రం దాకా దుకాణం ముందు కూర్చున్న రోజులున్నాయి. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

వీటన్నిటికంటే పెద్ద నష్టం, స్ట్రింగ్ లోపల ఏముందో స్కీమాకు కనిపించదు. తూకం ఖాళీగా ఉన్నా, ధర చోట పేరు పడినా, వెబ్ సర్వీసుకు అది సరైన స్ట్రింగే.

స్ట్రింగ్‌కి అనుకూలమైన మాట ఒకటుంది, అదీ చెప్పాలి. డిజిటల్ సంతకం ఉన్న డాక్యుమెంట్‌ని సోప్ కవరులో నేరుగా పెడితే చుట్టూ ఉన్న నేమ్‌స్పేస్‌లు (ట్యాగు పేర్లు ఎవరివో చెప్పే గుర్తులు) లోపలికి దిగి సంతకం చెల్లకుండా పోయేది. 2002లో, చుట్టూ ఉన్నవాటిని పక్కనపెట్టి సంతకాన్ని లెక్కించడానికి వీలిచ్చే ఎక్స్‌క్లూజివ్ కెనానికలైజేషన్ వచ్చింది అందుకే. అది వచ్చాక ఈ వాదనకు కూడా బలం తగ్గింది.

2003లో సోప్ 1.2 వచ్చింది, వేర్వేరు కంపెనీల సర్వీసులు కలిసి పనిచేయాలని పెట్టిన నియమాలు, 2004లో ఖరారైన డబ్ల్యూఎస్-ఐ బేసిక్ ప్రొఫైల్, ఎన్‌కోడెడ్ పద్ధతిని వద్దంది. బొమ్మల్లాంటి బైనరీ ఫైళ్లను బేస్64లో (అక్షరాలుగా మార్చే పద్ధతి) పెడితే మూడు బైట్లు నాలుగవుతాయి కాబట్టి వాటిని అలా మార్చకుండానే పంపడానికి 2005లో ఎంటామ్ వచ్చింది. దారులన్నీ తెరుచుకున్నా స్ట్రింగ్ అలవాటు మాత్రం పోలేదు. ఎక్స్‌ఎంఎల్ లాగే డేటా పంపడానికి వాడే జేసన్ లోపల ఇంకో జేసన్‌ని స్ట్రింగ్‌గా పెట్టి పంపేవాళ్లను ఈమధ్య కూడా చూశాను.

మేం నెలల తరబడి అడిగాక ఆ కంపెనీ డాక్యుమెంట్ లిటరల్‌లో రెండో వెర్షన్ ఇచ్చింది, తక్‌పట్టీకి స్కీమా కూడా రాసింది. ఆ తర్వాత తూకం రాయని తక్‌పట్టీ దుకాణంలోనే ఆగేది, గుమస్తా అక్కడే కాంటా చీటీ చూసి సరిచేసేవాడు.