చలువ కళ్లద్దాల్లో అసలు పనితనం

చలువ కళ్లద్దాల గురించి మాట్లాడేటప్పుడు అందరూ ఫ్రేముల దగ్గరే ఆగిపోతారు. ఫ్రేముల వెనుక మంచి చరిత్ర ఉన్నమాట నిజమే. 1930లలో బౌష్ అండ్ లాంబ్ కంపెనీ అమెరికా సైనిక పైలట్ల కోసం రూపొందించిన ఏవియేటర్ అద్దాలు కన్నీటి బొట్టులా కిందికి జారి ఉంటాయి. పైలట్ కిందనున్న మీటర్లను చూసినా చూపు అద్దం దాటిపోకూడదన్నది దాని ఉద్దేశం. అదే దశకంలో న్యూయార్క్‌లో ఆల్టినా షినాసి అనే కళాకారిణి, ఆడవారికి దొరికే కళ్లజోళ్లలో అందమే లేదని బాధపడి, వెనిస్ ఉత్సవాల ముసుగులను తలచుకుంటూ కొసలు పైకి లేచిన హార్లెక్విన్ ఫ్రేము గీశారు. 1939లో దానికి లార్డ్ అండ్ టేలర్ డిజైన్ పురస్కారం వచ్చింది. ఆ తర్వాత వచ్చిన పిల్లికన్ను ఫ్రేములకు మూలం అదే.

నన్ను మరింత ఆశ్చర్యపరిచేది మాత్రం అద్దం కథ. సూర్యుడి నుంచి వచ్చే కాంతి అన్ని దిశల్లోనూ కంపిస్తుంది. నీటి మీదో తారు రోడ్డు మీదో ఏటవాలుగా పడి పరావర్తనం చెందాక అందులో ఎక్కువ భాగం అడ్డంగా కంపిస్తుంది. దీన్నే ధ్రువణం అంటారు. పరావర్తనం వల్ల కాంతి ఇలా మారుతుందని 1808లో ఫ్రెంచి శాస్త్రవేత్త మాలస్ గుర్తించాడు. పారిస్‌లో ఒక భవనపు కిటికీల మీద మెరుస్తున్న ఎండను స్ఫటికంలోంచి చూస్తుండగా ఆయనకు ఆ సంగతి తట్టింది. అడ్డంగా కంపించే కాంతిని మాత్రమే ఆపగలిగితే, కళ్లు చెదరగొట్టే ఆ మెరుపు చాలావరకు పోతుంది.

అలా ఆపగల పదార్థం 1852లో విచిత్రంగా దొరికింది. క్వినైన్ తిన్న కుక్క మూత్రంలో అయోడిన్ చుక్క పడి, చిన్న ఆకుపచ్చ స్ఫటికాలు ఏర్పడ్డాయి. వాటిని అధ్యయనం చేసిన ఆంగ్లేయ వైద్యుడు హెరాపాత్ పేరే వాటికి పెట్టారు. అవి సూదుల్లా సన్నగా, ముట్టుకుంటే విరిగేంత పెళుసుగా ఉండేవి. పెద్ద స్ఫటికాన్ని పెంచాలని చూసినవారు విఫలమయ్యారు. హార్వర్డ్ చదువు మధ్యలో వదిలేసిన ఎడ్విన్ లాండ్ ఎదురు దారి పట్టాడు. లక్షల చిట్టి స్ఫటికాలను ప్లాస్టిక్‌లో ఒకే దిక్కుకు తిప్పి నిలబెట్టి, 1929లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. తర్వాత స్ఫటికాలనూ వదిలేసి, ప్లాస్టిక్ పొరను సాగదీసి అయోడిన్ పట్టించాడు. సాగినప్పుడు బారులు తీరిన పొడవాటి అణువుల వెంబడి కంపించే కాంతిని ఆ పొర మింగేస్తుంది. పోలరాయిడ్ అద్దాలకు ప్రాణం ఈ పొరే. అయితే ఎల్‌సీడీ తెరల కాంతి కూడా ధ్రువణం చెందినదే. అందుకే ఇలాంటి అద్దాలు వాడవద్దని పైలట్లకు సలహా ఇస్తారు: కాక్‌పిట్ తెరలు వాటిలోంచి నల్లగా కనబడవచ్చు.

ధ్రువణం మెరుపును తగ్గిస్తుందే గాని, అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడటం వేరే పని. ముదురు రంగుకూ ఆ రక్షణకూ సంబంధమే లేదు. రక్షణ లేని నల్లటి అద్దం పెట్టుకుంటే చీకటికి కంటిపాప విచ్చుకుని, ఆ కిరణాలను మరింతగా లోపలికి రానిస్తుంది. ఏళ్ల తరబడి అవి సోకితే శుక్లాల ముప్పు పెరుగుతుంది.

ఖరీదైన పేరు కూడా ఈ రక్షణకు హామీ కాదు. 1961లో ఇటలీలోని అగోర్డోలో మొదలైన కళ్లద్దాల కంపెనీ లగ్జోటికా, రే-బాన్ బ్రాండును 1999లో కొనేసింది. ప్రాడా, షనెల్ వంటి ఫ్యాషన్ సంస్థల కళ్లద్దాలనూ లైసెన్సు మీద తనే తయారుచేస్తుంది. ధరలో చాలా భాగం ఆ పేరుదే. కొనేటప్పుడు 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వరకు అతినీలలోహిత కిరణాలను ఆపుతుందని చెప్పే యూవీ 400 గుర్తు చూడండి. అనుమానం ఉంటే, కొలిచే పరికరం ఉన్న కళ్లజోళ్ల దుకాణంలో అడగండి. క్షణాల్లో చూసి చెబుతారు.