పెరటి మామిడి: పైన ఒక చెట్టు, కింద ఇంకో చెట్టు

మామిడి మొక్క తెచ్చుకునేటప్పుడు మనం అడిగే ప్రశ్నలన్నీ పైభాగం గురించే. ఏ రకం, కాయ ఎంత సైజు, రసమా కోతకాయా, ఎన్నేళ్లకు కాపుకొస్తుంది? కింద ఉన్న వేరు ఏ చెట్టుదని అడిగేవాళ్లు చాలా తక్కువ. అంటుమొక్కను దగ్గరగా చూస్తే మట్టికి జానెడు ఎత్తులో కాండం మీద చిన్న బుడిపె కనిపిస్తుంది. దానికి పైన ఉన్నది మీరు కోరుకున్న రకం. కింద ఉన్నది వేరే చెట్టు, దాన్నే వేరుమూలం అంటారు. పేరు రాసిన చీటీ పైదానికే ఉంటుంది. మీ పెరటి మట్టితో కాపురం చేసేది మాత్రం కిందిది.

అంటు కట్టినప్పుడు లోపల జరిగేది ఇది. బెరడుకీ కలపకీ మధ్య కాంబియం అనే పలుచని పొర ఉంటుంది. రెండు కోతల్లోని కాంబియం పొరలు ఆనుకునేలా గట్టిగా కడితే ముందు గాయం మీద మెత్తని కణాల ముద్ద పుడుతుంది. తర్వాత అందులోంచే నీటి నాళాలు, ఆహార నాళాలు ఏర్పడి రెండు వైపులనూ కలుపుతాయి. నీళ్లు, లవణాలు, చక్కెరలు, హార్మోన్లు ఆ దారిన తిరుగుతాయి. జన్యువులు మాత్రం ఎవరివి వాళ్లవే. కాబట్టి పండు రుచి ప్రధానంగా కొమ్మది. ఉప్పునీటిని తట్టుకోవడం, సున్నపు మట్టిలోంచి ఇనుము లాగడం వేరు పనులు.

మంచి వేరు ఎక్కడ దొరుకుతుందో తెలియాలంటే టెంక లోపలికి చూడాలి. మామిడి టెంకలు రెండు తరహాలు. దశేరి, అల్ఫాన్సో లాంటి రకాల టెంకలో ఒకే పిండం ఉంటుంది. అది పరాగసంపర్కంతో పుట్టింది కాబట్టి తల్లి గుణాలూ తండ్రి గుణాలూ కలిసిపోయి ఉంటాయి. ఒకే చెట్టు టెంకలు 100 నాటితే 100 మొక్కలూ వేరువేరుగా ఉంటాయి. ఫిలిప్పీన్స్ కరబావ్, కేరళలోని ఒలూర్, కురుక్కన్ లాంటి వాటి టెంకలో ఒకటికి మించి పిండాలుంటాయి. వీటిలో ఎక్కువ భాగం ఫలదీకరణ లేకుండా నేరుగా తల్లి కణాల నుంచే పుడతాయి. అంటే టెంక నుంచే తల్లికి అచ్చమైన నకలు మొలుస్తుంది! వేరుమూలంగా ఇవి విలువైనవి కావడానికి కారణం ఇదే. ఒక చెట్టుకున్న ఓర్పు దాని పిల్లలందరికీ మార్పు లేకుండా వస్తుంది.

ఇది ఇంట్లోనే చూడొచ్చు. టెంక పైపెంకును జాగ్రత్తగా విప్పండి. లోపలి జీడి రెండు బద్దలుగా శుభ్రంగా విడిపోతే ఒకే పిండం. చిన్నాపెద్దా ముక్కలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉంటే బహుపిండం. నాటితే దాని నుంచి రెండు మూడు మొలకలు విడివిడిగా లేస్తాయి. వాటిలో ఒకటి తల్లిదండ్రుల కలయికతో పుట్టినది కావచ్చు కాబట్టి, మిగతావాటికి భిన్నంగా కనిపించే మొలకను తీసేసి ఒకే తీరుగా పెరిగేవాటిని ఉంచుకోవాలి. జీడి ఎండితే మొలకెత్తదు. దాచిపెట్టకుండా తాజాగా ఉండగానే నాటేయాలి.

ఇక మట్టి. మట్టి పుల్లనిదా క్షారమా చెప్పే ఉదజని సూచిక (pH) 5.5 నుంచి 7.5 మధ్య ఉన్న నేల మామిడికి హాయిగా ఉంటుంది. పెరడు అంటే చాలాసార్లు ఇల్లు కట్టగా మిగిలిన నేల. సిమెంటు పెళ్లలు, సున్నం, పునాది మట్టి అందులో కలిసిపోయి క్షారగుణం పెరుగుతుంది. అప్పుడు ఇనుము మట్టిలో పుష్కలంగా ఉన్నా కరగదు, వేరు దాన్ని తీసుకోలేదు. లేత ఆకులు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఎరువు చాలలేదేమోనని ఇంకా ఎరువు వేసేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ముందు ఎండిన మట్టి గుప్పెడు తీసుకుని నాలుగు చుక్కల వెనిగర్ వేసి చూడండి. బుసబుసమని నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టే.

ఇలాంటి నేలల కోసమే కొన్ని వేరుమూలాలను ప్రత్యేకంగా ఎంచారు. ఇజ్రాయెల్‌లో ఎంపిక చేసిన 13-1 సున్నపు మట్టినీ ఉప్పు నీటినీ తట్టుకుంటుంది. కానరీ దీవుల గొమేరా-1 కూడా ఉప్పుకు ఓర్చేదే. ఫ్లోరిడా సున్నపురాతి నేలల్లో టర్పెంటైన్ అనే రకాన్ని వాడతారు. ఇవన్నీ బహుపిండ రకాలే. ఈ పేర్లు అందరికీ అందుబాటులో ఉండవు. నేనైతే అలాంటి మట్టిలోనే ఏళ్లతరబడి పచ్చగా నిలిచిన నాటు చెట్టును వెతికి, దాని టెంకలు మొలకెత్తించి, వాటి మీద అంటు కడతాను. బహుపిండమైతే ఆ ఓర్పు పూర్తిగా వస్తుంది, కాకపోతే కొంత రావచ్చు.

చెట్టు ఎత్తు విషయంలో మాత్రం వేరును నమ్ముకోకూడదు. ఆపిల్‌కు ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మాలింగ్ పరిశోధన కేంద్రం ఎంపిక చేసిన ఎం-9 లాంటి వేరుమూలం ఉంది. దాని మీద కట్టిన చెట్టు మూడు మీటర్ల లోపే ఆగిపోతుంది. మామిడికి అంత భరోసా ఇచ్చే పొట్టి వేరు ఇంకా రాలేదు. వెల్లైకొలంబన్ అనే వేరుమూలం కొన్ని రకాలను పొట్టిగా ఉంచుతుంది, అన్నిటినీ కాదు. కాబట్టి ఎత్తును అదుపులో ఉంచేది కత్తెరే. మొక్క 60, 70 సెంటీమీటర్లు ఉన్నప్పుడే తల తుంచి మూడు నాలుగు కొమ్మలు వచ్చేలా చేయాలి. తర్వాత ఏటా కాయల కోత అయిన వెంటనే కత్తిరిస్తుంటే మూడు, నాలుగు మీటర్ల ఎత్తులో ఉంచుకోవచ్చు.

వీలైతే టెంకను చెట్టు ఉండాల్సిన చోటే నాటి, మొక్క ఎదిగాక అక్కడే అంటు కట్టించడం నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి. తల్లివేరు అడ్డులేకుండా లోతుకు దిగుతుంది. సంచిలో ఎక్కువకాలం ఉన్న మొక్కకు ఆ వేరు అడుగున చుట్టలు చుట్టుకుపోయి ఉంటుంది. అలాంటి మొక్కను నాటే ముందు చుట్టలు విప్పాలి, విప్పలేకపోతే కోసేయాలి. అంటు భాగం ఎప్పుడూ మట్టికి పైనే ఉండాలి, దాని కింద వచ్చే చిగుళ్లను కనిపించగానే గిల్లేయాలి. ఒకసారి నేను అలాంటి చిగురును కొత్త కొమ్మే అనుకుని ముచ్చటపడి వదిలేశాను. రెండేళ్లలో అది అసలు రకాన్ని మింగేసి నాటు చెట్టయింది.

రోజంతా ఎండ తగిలే చోటు కావాలి, నీరు నిలవని చోటు కావాలి. నీరు నిలిస్తే మామిడి కాండం మీద, నీటి మట్టానికి కాస్త పైన, తెల్లటి బుడిపెలు ఉబికి వస్తాయి. మునిగిన వేర్లకు గాలి అందించడానికి చెట్టు తెరుచుకునే కిటికీలు అవి. అవి కనిపిస్తే నీటికి వెంటనే దారి తీయాలి.

పూతకు మూలం ముదిరిన ఆకులు. రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు అటూఇటూగా పడిపోతే ఆకుల్లో ఒక సంకేతం తయారై, ఆహార నాళాల గుండా కొమ్మ చివరకు చేరుతుంది. అక్కడ చిగురుకు బదులు పూత వస్తుంది. చలి అంతగా లేని చోట్ల కొమ్మ వయసే కీలకం. చివరి చిగురు వచ్చి నాలుగైదు నెలలైనా గడవాలి. కోత కాగానే కత్తిరించమనేది ఇందుకే, ఆలస్యమైతే కొత్త కొమ్మ ముదరదు. పూతకు ముందు రెండు మూడు నెలలు పెద్ద చెట్టుకు నీళ్లు తగ్గించి, నత్రజని ఎరువు మానేస్తే చిగురు వేయాలన్న తొందర తగ్గుతుంది. పిందె కట్టాక మళ్లీ నీళ్లు పెట్టాలి.

ఒక్కో పూగుత్తిలో వందలు, ఒక్కోసారి వేల పూలుంటాయి. వాటిలో చాలావరకు మగపూలు. కాయగా నిలిచేవి నూటికి ఒకటి కూడా ఉండవు, రాలిపోతున్నాయని టెన్షన్ పడక్కర్లేదు. ఆ పూల మీద వాలి పుప్పొడి మోసేవాటిలో ఈగలదే పెద్ద వాటా. పూత విచ్చుకుని ఉన్న రోజుల్లో పురుగుమందు కొడితే ముందు పోయేది అవే.