అర్ర వేడి తీసేసి లెక్క చూడండి

పిల్లలకు,

మీలో చాలామంది ఇండ్లలో ఉన్నది కొత్త కంప్యూటర్ కాదు. అన్న వాడినదో, చిన్నాయన ఇచ్చినదో, మూతపడ్డ ఇంటర్నెట్ సెంటర్ నుంచి కొన్నదో అయి ఉంటుంది. జనవరిలో మంచిగా నడుస్తుంది. ఎండలు ముదిరేసరికి మాత్రం ఫ్యాను గోల పెడుతుంది, మౌస్ కదలడానికి ఆలోచిస్తుంది, ఏదో పని మధ్యలో టప్పున బంద్ అవుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, అలాంటి వేడిలో ప్రాసెసర్ (కంప్యూటర్ లెక్కలన్నీ చేసే ముఖ్యమైన చిప్పు) సంగతి చెప్పాలా అనుకుని ఊరుకోకండి. సగం సార్లు తప్పు ఎండది కాదు. అది ఎండదా, కంప్యూటర్‌దా తేల్చుకోవడం ముందు నేర్చుకోవాలి. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్.

ప్రాసెసర్ మీద కూర్చున్న హీట్‌సింక్ అనే లోహపు రేకుల దిమ్మ, దాని మీది ఫ్యాను, ఈ రెండూ కలిపితే కూలర్. అది చేసే పని ఒక్కటే: ప్రాసెసర్ వేడిని అర్రలో ఉన్న గాలికి అప్పజెప్పడం. అది ఫ్రిజ్ కాదు, ఎంత మంచి ఫ్యానైనా అర్రలోని గాలికంటే చల్లగా చేయలేదు. అందుకే స్క్రీన్ మీద కనిపించే అంకెను ఒంటరిగా చదవకూడదు, దాంట్లోంచి అర్ర వేడిని తీసేయాలి. జనవరిలో అర్ర 22 డిగ్రీలు, గట్టి పని మీద ప్రాసెసర్ 62 అనుకోండి. తేడా 40. మే నెల మధ్యాహ్నం మన నల్లగొండలో అర్ర 41కి పోతే అదే ప్రాసెసర్ 81 చూపిస్తుంది. తేడా మళ్లీ 40. అంటే యంత్రానికి ఏ జబ్బూ లేదు, ఎండ ఎంత పెరిగిందో అంకె అంతే పెరిగింది. అదే 81 మీకు జనవరిలో కనిపిస్తే తేడా 59. అప్పుడు లోపల ఏదో చెడినట్టే. ఒకే అంకె, రెండు వేరే వేరే కథలు. గోడకు తగిలించే చిన్న థర్మామీటర్ ఒకటి కొని క్యాబినెట్ పక్కన పెట్టుకుంటే ఈ లెక్కకు సరిపోతుంది.

ప్రాసెసర్ వేడి చూడటానికి విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో గానీ కోర్ టెంప్ గానీ వాడండి. లినక్స్ అయితే టెర్మినల్‌లో సెన్సర్స్ అనే కమాండ్ ఉంది. ముందు పది నిమిషాలు ఏ పనీ ఇవ్వకుండా వదిలి ఒక అంకె రాసుకోండి. తర్వాత సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాంలో బెంచ్ పేజీలోని స్ట్రెస్ బటన్ నొక్కి పది నిమిషాలు నడిపి ఇంకో అంకె. ప్రాసెసర్‌తో పాటు డబ్బాలో వచ్చే మామూలు కూలర్‌తో, 65 వాట్ల రకం ప్రాసెసర్‌కు గట్టి పనిలో 40, 45 తేడా ఉండటం మామూలే. 60 దాటితే విప్పి చూడాల్సిందే. ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 వరుస ప్రాసెసర్లు మాత్రం ఈ లెక్కకు లొంగవు. వాటిలో పెద్దవి గట్టి పనిలో 95 దాకా వెళ్లి అక్కడే పనిచేసేలా తయారుచేశారు, చూసి భయపడొద్దు. ఇంటెల్ కోర్ రకాల్లో చాలావాటికి హద్దు 100. హద్దు తాకగానే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. మీకు మౌస్ మొరాయించినట్టు కనిపించేది అదే. ఇంకా పెరిగితే తనను కాపాడుకోవడానికి మొత్తం ఆగిపోతుంది.

ఇంకో మాట, ఇది చాలామంది గమనించరు. అంకె ఎంత అన్నదే కాదు, ఎంత తొందరగా ఎక్కింది అన్నది చూడండి. స్ట్రెస్ బటన్ నొక్కిన రెండు మూడు సెకన్లలో 45 నుంచి 95కి ఎగిరితే, ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య సరిగ్గా అతుకు లేదని అర్థం. ఆ రెంటి మధ్య రాసే థర్మల్ పేస్టు ఎండి ఉంటుంది, లేదా కూలర్ కాలు ఒకటి ఊడి ఉంటుంది. పది పదిహేను నిమిషాలు మెల్లమెల్లగా పాకుతూ ఎక్కితే అతుకు బాగానే ఉంది, వేడి బయటికి పోవడం లేదు. అది దుమ్ము పని, లేకపోతే గాలి ఆడని చోట పెట్టడం వల్ల. అప్పుడు క్యాబినెట్ పక్క రేకు తీసి మళ్లీ నడపండి. ఏడెనిమిది డిగ్రీలు దిగితే తప్పు కూలర్‌ది కాదు, డబ్బాలో గాలి మురిగిపోతోంది. కంప్యూటర్ టేబుల్ కింద తలుపున్న అరలోనో, బీరువా పక్క సందులోనో తోసి పెట్టి ఉంటారు. బయటికి లాగి, వెనక గోడకు కనీసం జానెడు ఎడం ఇవ్వండి. క్యాబినెట్ ఫ్యాన్లు ఎటు ఊదుతున్నాయో అగరుబత్తి పొగతో చూడండి. ముందు నుంచి లోపలికి, వెనక నుంచి బయటికి పోవాలి. రెండూ లోపలికే ఊదేలా బిగించినవి కనిపిస్తూనే ఉంటాయి.

ఇక దుమ్ము. మిర్యాలగూడ రైసుమిల్లుల ఊక దుమ్ము, పాలమూరు వైపు పత్తి నూగు, రోడ్డు పక్క ఇంట్లో మట్టి, మన దగ్గర దీనికి కొదవ లేదు. ఫ్యాను రెక్కలు మాత్రం చూసి శుభ్రంగానే ఉందనుకోకండి. అసలు దొంగ ఫ్యాను కింద ఉంటుంది. ఫ్యాను తీసి చూస్తే హీట్‌సింక్ రేకుల నెత్తిన బూడిదరంగు బొంత ఒకటి పరుచుకుని ఉంటుంది. నూగు, వెంట్రుకలు, మట్టి కలిసి గట్టిపడి, గోటితో అంచు పట్టుకుని లాగితే గుడ్డముక్కలా మొత్తంగా లేచి వస్తుంది. ఫ్యాను ఎంత తిరిగినా గాలి ఆ బొంతకు తగిలి పక్కకు పోతుందే గానీ రేకుల సందుల్లోకి దిగదు. దాన్ని తీసేస్తే చాలు, ఎన్నో కంప్యూటర్లు అక్కడికక్కడే బాగుపడతాయి. పైసా ఖర్చు లేదు.

తీసేముందు స్విచ్ ఆపి, వైరు పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టండి, మిగిలిన కరెంటు దిగిపోతుంది. క్యాబినెట్ రంగు వేయని ఇనుము మీద ఒకసారి చెయ్యి ఆనించండి. పెయింటింగ్ బ్రష్షుతో రేకుల సందులు దులపండి, గాలి కొట్టే బ్లోయర్ ఉంటే ఆరుబయట వాడండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టి ఆపాలి, గిర్రున తిరగనిస్తే బేరింగ్ దెబ్బతింటుంది. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ గొట్టం మదర్‌బోర్డు (చిప్పులన్నీ బిగించిన పెద్ద పలక) దగ్గరికి తేవద్దు, దాంట్లో పుట్టే స్టాటిక్ కరెంటు చిప్పులను చంపగలదు. తడిగుడ్డ అసలే వద్దు. ఎస్‌ఎమ్‌పీఎస్‌ను, అంటే కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే డబ్బాను, బయటి జాలీ నుంచి దులపండి, దాని డబ్బా మాత్రం ఎప్పుడూ విప్పకండి. వైరు పీకినా అందులో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది.

దుమ్ము తీసినా తేడా తగ్గలేదంటే, అంకె ఎగిరి దూకుతూనే ఉందంటే, కూలర్ ఎత్తాలి. ఎత్తేముందు కంప్యూటర్‌ను పది నిమిషాలు నడిపి బంద్ చేయండి, వేడికి పాత పేస్టు మెత్తబడుతుంది. తర్వాత కూలర్‌ను అటూ ఇటూ కొద్దిగా తిప్పి ఎత్తాలి. ఏఎమ్4 సాకెట్ ఉన్న ఏఎండీ ప్రాసెసర్లతో జర పైలం: చల్లగా ఉన్నప్పుడు నిటారుగా పీకితే ప్రాసెసర్ కూలర్‌కే అతుక్కుని సాకెట్ నుంచి ఊడి వస్తుంది, కాళ్లు వంగుతాయి. ఇంటెల్ డబ్బా కూలర్‌కు నాలుగు ప్లాస్టిక్ కాళ్లుంటాయి. ఒక్కో దాని నెత్తిన బాణం గుర్తు ఉంటుంది. బాణం చూపే వైపు పావువంతు తిప్పి పైకి లాగితే విడిపోతుంది.

పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి గుడ్డతో రెండు వైపులా తుడవండి, లోహం మెరిసేదాకా. శానిటైజర్ వాడొద్దు, అందులోని గ్లిజరిన్ జిడ్డుగా మిగులుతుంది. కొత్త పేస్టు ప్రాసెసర్ నడిమధ్యన కంది గింజంత ఒక్క బొట్టు, 5 మిల్లీమీటర్లు, చాలు. రొట్టె మీద వెన్న రాసినట్టు దట్టించకండి. పేస్టు లోహమంత బాగా వేడిని మోయదు. రెండు లోహాల మధ్య కంటికి కనిపించని గుంతల్లో ఉండే గాలిని తోసేసి ఆ చోట నిలబడటమే దాని పని. పొర మందమైతే అదే అడ్డమవుతుంది. టూత్‌పేస్టు సరిపోతుందని ఎవరో చెప్తారు. అది కొన్నాళ్లకే ఎండి పెచ్చులు కడుతుంది. కొత్త కూలర్ కొన్నవాళ్లు దాని అడుగున అతికించిన పల్చటి ప్లాస్టిక్ పొర పీకారో లేదో తప్పక చూసుకోండి.

తిరిగి బిగించేటప్పుడే ఎక్కువ మంది బోల్తా పడతారు. ముందు నాలుగు కాళ్లనూ బాణానికి ఎదురు దిశలో తిప్పి మొదటి చోటికి తేవాలి. నాలుగు తెల్ల కొనలూ బోర్డు రంధ్రాల్లో దిగాయని చూసి, అప్పుడు ఎదురెదురు మూలలు ఒకేసారి నొక్కాలి, టక్ మనేదాకా. తెల్ల కాలు రంధ్రం దాటాక నల్ల పుల్ల దాని మధ్యలోకి దిగి కొనను విచ్చుకునేలా చేస్తుంది, పట్టు అక్కడే ఉంది. ఒక్కోదాన్ని మెల్లగా పైకి లాగి చూడండి. ఒక్కటి ఊడినా కూలర్ ఓ పక్కకు ఎత్తుకుంటుంది, కొత్త పేస్టు వేసినా ఫలితం ఉండదు. ఫ్యాను వైరు బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసిన చోటే గుచ్చాలి. పక్క సాకెట్‌లో పెడితే ఆన్ చేయగానే సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ అని రావచ్చు.

మన ఇండ్లలో ఇంకో ఇబ్బంది ఉంది, నీళ్ల కూలర్. చల్లగాలి తగిలితే కంప్యూటర్‌కు మంచిదని దాన్ని క్యాబినెట్ వైపు తిప్పుతారు. గడ్డి ప్యాడ్ల నుంచి గాలితో పాటు సన్న తుంపర కూడా వస్తుంది. మన బోరు నీళ్లు ఎంత ఉప్పువో బిందె అడుగున పేరుకున్న తెల్లపొర చెప్తుంది, అదే పొర బోర్డు కాళ్ల మధ్యన పేరుకుంటుంది. కూలర్‌ను మీ వైపే తిప్పుకోండి, కిటికీ తెరిచి ఉంచండి.

అన్నీ సరిగ్గా ఉండి, అర్రే 42లో ఉన్న రోజులకు ఒక ఉపాయం ఉంది. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు పోయి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ తెరిచి, మాక్సిమం ప్రాసెసర్ స్టేట్ 100 బదులు 99 పెట్టండి. ఆ ఒక్క అంకెతో చాలా ప్రాసెసర్లలో టర్బో, అంటే అవసరమైనప్పుడు మామూలుకంటే ఎక్కువగా పెంచుకునే వేగం, ఆగిపోతుంది. చదువు పనికి, టైపింగ్‌కు ఆ తేడా తెలియదు, వేడి మాత్రం బాగా దిగుతుంది. వానలు పడ్డాక మళ్లీ 100కి తెచ్చుకోవచ్చు.

పని అయ్యాక తారీఖు, అర్ర వేడి, ఖాళీగా ఉన్నప్పటి అంకె, గట్టి పనిలో అంకె ఒక చిన్న కాగితం మీద రాసి క్యాబినెట్ పక్క రేకు బయటి వైపున అతికించండి. వచ్చే ఎండకాలం మీరు తెరిచినా, ఆ కంప్యూటర్ ఇంకెవరి చేతికి పోయినా, ముందు చదవాల్సింది ఆ కాగితమే.

ఇట్లు,
మీ తాత
నల్లగొండ